సూరయ్య పేరు మీద

హైమ ఎనిమిదో దోసె తిరగేస్తుంటే గడ్డం మీది చెమటచుక్క పెనం అంచున పడి చుయ్యిమంది. ఉదయం ఎనిమిది కూడా కాలేదు. మే నెల సగం గడిచింది. ఆమదాలవలసలో తెల్లారేసరికే ఎండ పెరట్లోకి దిగిపోతోంది. వంటింటికి ఉన్నది ఒకటే కిటికీ, అది పక్కింటి గోడను చూస్తుంది.

భర్త విజయ్‌కుమార్ ప్లేటు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. లోపల అడుగు పెట్టలేదు.

"బాబోయ్, ఏటీ ఉక్క! ఇందులో ఎలాగుంటన్నావు హైమా?" అని, దోసె వేయించుకుని, హాల్లో కూలరు ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదని హైమకు తెలుసు. ఇంటి ముందు భాగమంతా వాళ్ళ దుకాణమే. ఫ్యాన్లు, కూలర్లు, వైర్లు, బల్బులు. అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. ఇంట్లో ప్రతి గదికీ ఫ్యాను ఉంది, వంటింటికి తప్ప. పెళ్ళయిన కొత్తలో అడిగితే మామగారు "పొయ్యి ఆరిపోతాది" అన్నారు. పోయినేడు అడిగితే విజయ్‌కుమార్ "అక్కడ ఎంతసేపుంటావేటి?" అన్నాడు. ఈ ఏడాది అడగలేదు. ఒకరోజు గడియారం చూసి లెక్కపెట్టింది. ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

దోసెల పనయ్యాక టీ గ్లాసులు పట్టుకుని నడవలోకి వచ్చింది. నడవ చివరి తలుపు దాటితే దుకాణం. టీ ఆ తలుపు దాకా తెచ్చి అందించడమే ఆమె పని. ఆ ఇంటి కోడళ్ళు తలుపు దాటరు. అత్తగారు బుజ్జమ్మ నలభై రెండేళ్ళుగా దాటలేదు.

"బాబూ, మొన్నటి నుంచి తిరగడం నేదు. ఒకసారి సూడండి బాబూ," అంటోంది ఎవరో ఒకావిడ.

హైమ తలుపు సందులోంచి చూసింది. ఎండుచేపల బుట్టతో వారానికోసారి రైల్లో వచ్చే లక్ష్మణమ్మ. పాత తువ్వాలు చుట్టిన టేబుల్ ఫ్యాను ఒకటి చంకలో ఉంది.

కౌంటరు వెనక కూర్చున్న మామగారు భీమశంకరరావు ఫ్యాను వంక చూడకుండానే చెప్పారు. "మా మెకానిక్ సూరయ్యకి కంటాపరేషనయింది. నెల దాకా రాడు. అప్పుడు తీసుకురా."

"నెలేటి బాబూ! మా పెద్ద గుంట పురుడు పోసుకుని పంతొమ్మిది రోజులు. రేకులిల్లు. సంటిదానికి ఒళ్ళంతా సెమటకాయలు. పాలు పట్టడం నేదు. ఏడిసి ఏడిసి గొంతు పోనాది."

"అయితే కొత్తది తీసుకెళ్ళు."

"వేట ఆపేసిన రోజుల్లో కొత్తదెక్కడ కొంతాం? పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి."

"మరి మేమేటి సేస్తామమ్మా," అన్నాడు విజయ్‌కుమార్. అతని గొంతులో జాలి ఉంది. జాలి పడి మళ్ళీ వైరు కొలుచుకుంటున్నాడు.

లక్ష్మణమ్మ ఫ్యాను పైకెత్తి మళ్ళీ చంకలో సర్దుకుంది.

"ఆ ఫ్యాను ఉంచమనండి. రేపు సాయంత్రానికి అయిపోతాది."

ఆ మాట అన్నది తనేనని హైమకు కూడా ఒక క్షణం తర్వాత తెలిసింది. లక్ష్మణమ్మ తలుపు వైపు చూసింది. టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనిపించింది ఆమెకు. ఎవరైనా వద్దనే లోపల ఫ్యాను కౌంటరు మీద పెట్టేసి గబగబా మెట్లు దిగిపోయింది.

భీమశంకరరావు నడవలోకి వచ్చారు. "ఎవరు సేస్తారమ్మా?"

"నేను మావయ్యా. కొత్తవలసలో మా నాన్న దుకాణంలో కాయిళ్ళన్నీ నేనే సుట్టేదాన్ని. పెళ్ళిచూపుల్లో మీకు సెప్పినారు కూడా."

"పెళ్ళిచూపుల్లో పాటలొచ్చని కూడా సెప్పినారు," అని విజయ్‌కుమార్ నవ్వాడు.

భీమశంకరరావు నవ్వలేదు. "బజార్లో తెలిస్తే ఏటనుకుంటారు? కోడలి సేత కాలిపోయిన ఫ్యాన్లు కట్టిస్తన్నాడంటారు." కాసేపు గడ్డం గోక్కున్నారు. మాట ఇచ్చేసినట్టయింది, ఫ్యాను కౌంటరు మీద కూర్చుంది. "సరే. ఇంటెనక సేసుకో. బయటికి మాత్రం సూరయ్యే."

హైమకు చంటిబిడ్డ మెడ మడతల్లో ఎర్రటి పొక్కులు కళ్ళకు కట్టాయి. తల ఊపింది.

*

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెనక వసారాలో చాప పరిచి, సూరయ్య పనిముట్ల పెట్టె ముందు పెట్టుకుంది. ఇరవై ఏళ్ళయింది అలాంటి పెట్టె తెరిచి. మరలు ఊడదీస్తుంటే స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. మోటారు మూత తీయగానే కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది. ఆ వాసనతో నాన్న దుకాణం బల్ల గుర్తొచ్చింది. కిరండూల్ నుంచి ఇనప రాయి మోసుకొచ్చే గూడ్సు బండి వెళ్తుంటే ఆ బల్ల అదిరేది. బండి వెళ్ళేదాకా చుట్టడం ఆపి, చుట్ల లెక్క మర్చిపోకుండా నోట్లో అనుకుంటూ కూర్చునేది.

నల్లబడిన కాయిల్‌ను ఉలితో కోసింది. కోసిన చోట తీగ కొసలను సూదితో విడదీస్తూ లెక్కపెట్టింది. మధ్యలో తప్పింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఈసారి పక్కన గోడ మీద బొగ్గుతో యాభైకో గీత గీసుకుంది.

ఇంటర్ సెలవుల్లో ఉన్న కూతురు దీపిక నిద్రపట్టక వచ్చి నిలబడింది. "అమ్మా, ఇదంతా నీకెలా తెలుసు?"

"ఆ తీగ సుట్టే మిషను పిడి తిప్పు, సెప్తాను. నిమ్మళంగా. ఆపమన్నప్పుడు ఆపు."

దీపిక పిడి తిప్పింది. రాగితీగ హైమ వేళ్ళ మధ్యనుంచి జారుతూ చెక్క అచ్చు మీదికి పోతోంది. ఎక్కువ లాగితే తెగుతుంది. వదిలేస్తే కాయిల్ ఉబ్బి మోటారు గాడిలో పట్టదు. ఎంత బిగువు కావాలో ఆమె చూపుడువేలు మర్చిపోలేదు. అది తెలిసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. చుట్టిన కాయిళ్ళను పోగులు పోగులుగా గాడుల్లోకి దింపి, పైన సన్నటి వెదురు పేళ్ళు తోసి, దారంతో కట్టేసరికి ఎండ వసారా దాటిపోయింది.

బుజ్జమ్మ టీ వేళకు లేచి వచ్చింది. కోడలి ఒళ్ళో ఫ్యాను పేగుల్లాంటివి చూసింది. టీ పెట్టమని అనలేదు. తనే వంటింట్లోకి వెళ్ళి, రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి చాప మీద పెట్టి, ఒకటి తను తాగుతూ గోడకు ఆనుకుని కూర్చుంది.

మర్నాడు వార్నిష్ పూసి మేడ మీద పెడితే ఆ ఎండకు మధ్యాహ్నానికే గట్టిపడింది. నాలుగింటికి తీగ ఎక్కడా తెగలేదని సిరీస్ బల్బుతో పరీక్ష చేసి, అన్నీ బిగించి, స్విచ్ వేసింది. ఫ్యాను ఒక్క మూలుగు మూలిగి ఆగింది. హైమ రెక్కను వేలితో కొద్దిగా తోసి చూసింది. ఇరుసు తిరిగే బుష్ బిగుసుకుని ఉంది. రెండు చుక్కల నూనె వేసి మళ్ళీ స్విచ్ వేసింది. ఈసారి రెక్కలు తిరిగి తిరిగి ఒకటే వలయమైపోయాయి.

"తిరగతన్నాదే!" అంది బుజ్జమ్మ. లేచి వచ్చి మొహం ఫ్యాను ముందు పెట్టి కళ్ళు మూసుకుంది. నెరిసిన జుట్టు వెనక్కి ఎగిరింది. దీపిక చప్పట్లు కొట్టింది.

సాయంత్రం లక్ష్మణమ్మ వచ్చింది. ఫ్యాను తిరగడం చూసి రెండు చేతులూ జోడించింది. "ఎవరు సేసినారు బాబూ?"

"మా సూరయ్యే. ఇంటికాడ సేసి పంపినాడు," అన్నాడు విజయ్‌కుమార్.

"కంటికి కట్టుతోనా? ఆ సెయ్యి సల్లగుండాలి బాబూ. నాను దండం పెట్టినానని సెప్పండి."

హైమ తలుపు వెనక నిలబడి ఆ దండం అంతా విన్నది.

*

లక్ష్మణమ్మ నోరు ఊరుకునేది కాదు. నాలుగు రోజులు తిరక్కుండా కోటబొమ్మాళి వైపు నుంచి వచ్చే రైల్లో ఫ్యాన్లు దిగడం మొదలయింది. సూరయ్య కళ్ళు మూసుకుని కట్టినా మిగతావాళ్ళకంటే బాగా కడతాడని పేరొచ్చింది. హైమ ఉదయం వంట ముగించి మధ్యాహ్నమంతా వసారాలో కూర్చునేది, సాయంత్రం లేచి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళేది. నడుము పట్టేసేది. అయినా మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని పొద్దుటి నుంచీ చూసేది.

పనయిన ప్రతి ఫ్యానుకూ దుకాణంవాళ్ళు ఒక అట్టముక్క కడతారు. దాని మీద తెచ్చినవాళ్ళ పేరు, తేదీ, బాగుచేసినవాళ్ళ పేరు ఉంటాయి. విజయ్‌కుమార్ అట్టముక్కల కట్ట తెచ్చి చాప మీద పడేశాడు. "నీ రాత గుండ్రంగా ఉంటాది. నువ్వే రాసెయ్."

'బాగుచేసినది: సూరయ్య' అని రాసింది. మొదటి రెండుసార్లు ఏమీ అనిపించలేదు. ఏడో ఫ్యానుకు రాశాక ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది. విజయ్‌కుమార్ స్నేహితులకు 'మా అమ్మ సేతి ఆవకాయ' అని పంచే జాడీలు నాలుగేళ్ళుగా తను కలిపినవే. దీపికకు పదో తరగతి లెక్కల్లో మంచి మార్కులొస్తే 'తాత బుర్ర' అన్నారు. ఏడాది పొడుగునా పక్కన కూర్చుని లెక్కలు చేయించింది తను. అప్పుడు ఇలా గుచ్చుకోలేదు. ఆ పనులకు అట్టముక్కలు కట్టి, వాటి మీద ఇంకొకరి పేరు తన చేతే రాయించలేదు మరి.

ఆ వారంలోనే పాత సామాను మూలలోంచి ఒక తుప్పు పట్టిన గోడ ఫ్యాను తెచ్చుకుంది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని దానికి కొత్త కాయిల్ కట్టి, గరుకు కాయితంతో రెక్కలు రుద్ది, దీపిక స్టూలు పట్టుకుంటే వంటింటి గోడకు బిగించింది. పొయ్యి ఆరలేదు. రెండు రోజులు పప్పు పోపు వేస్తూ, చేపలు వేపుతూ, ఆమె మెడ ఆరిపోయి ఉండటమంటే ఏమిటో చూసింది. బుజ్జమ్మ కూరలు తరుక్కోడానికి హాలు మానేసి వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

మూడో రోజు పాలు తెచ్చుకుని లోపలికి వచ్చేసరికి గోడ మీద రెండు మేకులే ఉన్నాయి.

విజయ్‌కుమార్ ఇడ్లీ తింటున్నాడు. "అదా? పెళ్ళివారింటోళ్ళు అర్జెంటని వచ్చినారు. షాపులో గోడ ఫ్యాన్లు అయిపోనాయి. ఇచ్చేసినాను. నువ్వు ఇంకోటి కట్టుకోలేవేటి?" అని చట్నీ కోసం గిన్నె ముందుకు జరిపాడు.

హైమ చట్నీ వేసింది. అతనిలో తప్పు చేసినవాడి బెదురు ఎక్కడైనా ఉందేమోనని చూసింది. లేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. వసారాలోకి వెళ్ళి ఉలి, సుత్తి, తీగచుట్టలు, వెదురు పేళ్ళు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో సర్ది, గొళ్ళెం పెట్టి, నడవ తలుపు దగ్గర దించింది.

పది గంటలకు విజయ్‌కుమార్ రెండు ఫ్యాన్లు తెచ్చాడు. "సాయంత్రానికి కావాలంట."

"సూరయ్యకి ఒంట్లో బాగోలేదు."

"ఏటీ?"

"సూరయ్యకి జ్వరమొచ్చిందని సెప్పండి. రేపటికి కూడా తగ్గదు."

హాల్లో దీపిక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. విజయ్‌కుమార్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వయినా సెప్పు."

"నాకేటి తెలుస్తాదిరా షాపు సంగతులు? నాను వంటింట్లో మనిషిని," అంది బుజ్జమ్మ, బెండకాయలు తరుగుతూనే.

*

మూడు రోజుల్లో దుకాణం ముందు పదకొండు ఫ్యాన్లు చేరాయి. సూరయ్య జ్వరం కబురు ఊరంతా పాకింది. నాలుగో రోజు పదకొండు గంటలకు, రద్దీగా ఉన్న వేళ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సూరయ్యే దుకాణం మెట్లెక్కాడు.

"బాబూ, నాకు జ్వరమేటి? దారి పొడుగూ అందరూ ఎలాగున్నాదని అడగతన్నారు," అన్నాడు. కౌంటరు దగ్గర నలుగురైదుగురున్నారు. పక్కింటి ఫ్యాను ఒకటి పట్టుకుని లక్ష్మణమ్మ కూడా వచ్చి ఉంది. "అది పోనీ. మా ఈధిలో గోపి ఇంటికాడ నా పేరు రాసిన ఫ్యానొకటి ఉన్నాది. మూత ఇప్పించి తడిమి సూసినాను. దారం కట్టు నాది కాదు. నాను రెండు ముళ్ళేస్తాను, అందులో మూడున్నాయి. పని నా పనికన్నా నున్నగున్నాది. ఎవరు కడతన్నారు బాబూ?"

భీమశంకరరావు దగ్గారు. "బయట నుంచి ఒకర్ని పెట్టినాంలే."

"పేరు?"

విజయ్‌కుమార్ కౌంటరు మీది వైరుచుట్ట అటు తిప్పి ఇటు తిప్పాడు. నడవలో హైమ చేతిలో నాలుగు టీ గ్లాసులున్నాయి. గ్లాసులు కిందపెట్టింది. పిండి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని, తలుపు తోసి దుకాణంలోకి వచ్చింది.

"నేనే కట్టినాను సూరయ్యగారూ. పేరు హైమ. మీ పేరు వాడుకున్నందుకు ఏటీ అనుకోకండి."

వీధి వెలుతురు ఒక్కసారి కళ్ళలో పడి ఆమె కళ్ళు చిట్లించింది. కౌంటరు ఇవతల నుంచి దుకాణం తను అనుకున్నదానికంటే చిన్నదిగా ఉంది.

"లోపలికి పద. ఇంట్లో మాట్లాడుకుందాం," అన్నారు భీమశంకరరావు గొంతు తగ్గించి.

"ఇంట్లో మాట్లాడితే ఇంట్లోనే ఉండిపోతాది మావయ్యా. ఇక్కడే సెప్తాను." హైమ కౌంటరు అంచు పట్టుకుంది. "ఫ్యాన్లు కడతాను. వసారాలో కాదు, ఇక్కడ బల్లేసుకుని కడతాను. నా పేరు రాస్తాను. నా కూలి నా సేతికివ్వాలి. నేను ఇక్కడున్నంతసేపు అక్కడ వంట ఇంకెవరైనా సూసుకోవాలి. దీపిక కాదు."

"మరెవరు?" అన్నాడు విజయ్‌కుమార్. నిజంగానే తెలియక అడిగాడు.

లక్ష్మణమ్మ పకపకా నవ్వింది. "బాబూ, మీరున్నారు కదేటి! మా ఇంట్లో వేట నేని రెండు నెలలూ మావోడే వండతాడు." తన చేతిలోని ఫ్యానును కౌంటరు మీద పెట్టలేదు. కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి హైమ చేతుల్లో పెట్టింది. "ఆ పొద్దు తలుపెనక మాటాడింది నువ్వే కదా తల్లీ. గొంతు గుర్తున్నాది. సంటిది సుబ్బరంగా పాలు తాగతన్నాది. ఇదిగో, ఇది రేపటికి కావాలి."

కౌంటరు దగ్గరున్న ఒకాయన తన రసీదు కాగితం చూపించి, "అమ్మా, నాది నాలుగు రోజులయింది," అన్నాడు. ఇంకొకావిడ ముందుకు జరిగింది. వాళ్ళెవరూ భీమశంకరరావు వైపు చూడటం లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సూరయ్య చేత్తో తడుముకుంటూ కౌంటరు పక్కన స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"ఆ మూడో ముడి ఎందుకేస్తన్నావో సెప్పమ్మా," అన్నాడు.

*

పదకొండు ఫ్యాన్లు వరుసలో ఉండగా ఎవరూ కాదనలేకపోయారు, మర్నాడే దుకాణంలో బల్ల పడింది. ఆ మొదటి రోజు విజయ్‌కుమార్ వండిన అన్నం అడుగంటింది. దుకాణంలో బల్ల ముందు కూర్చున్న హైమకు మాడు వాసన తెలిసింది. లేవడానికి కాళ్ళు సిద్ధమైపోయాయి. వాటిని బల్ల కిందికి ముడుచుకుని, తీగ లావు గేజీ పెట్టి చూసుకుంది. లోపల నుంచి అతని కేక వినబడింది. "అమ్మా! పప్పులో నీళ్ళెన్ని పొయ్యాలి?" బుజ్జమ్మ అక్కడ లేదు. ఆవిడ దుకాణంలో, కొనేవాళ్ళు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. స్టేషన్ నుంచి వచ్చే ఆటోలు, ధాన్యం బస్తాల లారీ, పుచ్చకాయల బండి, అన్నిటినీ తల తిప్పి తిప్పి చూస్తోంది.

"ఈ ఈధిని ఇటుపక్క నుంచి సూడ్డం ఇదే," అంది. కొడుకు మళ్ళీ పిలిచాడు. "మునిగేదాకా పొయ్యి!" అని కుర్చీలోంచే అరిచింది.

మూడో రోజు పొద్దున్న విజయ్‌కుమార్ ఎవరికీ చెప్పకుండా పెట్టె విప్పని కొత్త ఫ్యానొకటి తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి డ్రిల్లింగ్ చప్పుడు వినిపించింది. బయటికి వచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుని ఉంది, మెడ మీద ఎర్రగా చెమటకాయలు. బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఇరవై ఏళ్ళు ఎలాగున్నావు అందులో?" అన్నాడు. ఈసారి అడిగి అక్కడే ఉండిపోయాడు.

హైమ పోగులు గాడిలో దింపుతోంది. "రోజుకి ఏడు గంటల ఇరవై నిమిషాలు," అంది తల ఎత్తకుండా. అతను మెడ రుద్దుకుంటూ నిలబడి, పాలు పొంగుతున్నాయేమోనని గుర్తొచ్చి లోపలికి పరుగెత్తాడు.

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ట్రాలీ ఆటో ఆగింది. నరసింగరావనే రైతు దిగాడు. వెనక నీళ్ళు తోడే మోటారుంది. కాలిపోయి నల్లగా, ఇద్దరు మనుషులెత్తే బరువుతో. "నారుమడికి నీళ్ళు పెట్టాలి, ఇదేమో ఇలాగ సచ్చింది. మెకానిక్ లేడా?" అని, హైమ తల మీదుగా లోపలికి చూశాడు.

హైమ నోరు తెరిచే లోపల కౌంటరు వెనక భీమశంకరరావు పేపరు మడిచారు. వారం రోజులుగా ఆయన ఆమె బల్ల వైపు సూటిగా చూసింది లేదు. ఇప్పుడూ చూడలేదు. చేత్తో చూపించారు.

"ఎదురుగానే ఉన్నాది కదా. మా కోడలు. అడుగు."

నరసింగరావు తడబడి చెప్పులు మెట్ల కింద వదిలాడు. హైమ లేచి ఆటో దగ్గరికి వెళ్ళింది. ఎండ నెత్తిమీద మంటగా ఉంది. మోటారు చుట్టూ ఒకసారి తిరిగింది. మూత సందులోంచి లోపలికి చూసింది. ఫ్యాను కాయిల్‌కు ఎన్నో రెట్లుంది. తీగ అగ్గిపుల్లంత లావు. ఇరవై నాలుగు గాడులో, ముప్ఫై ఆరో, విప్పితే గాని తెలియదు. నాన్న ఇలాంటివి ఒంటరిగా కట్టేవాడు, ఆమెను దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"ఇంత పెద్దదెప్పుడైనా కట్టినావా అమ్మా?" అని అడిగాడు నరసింగరావు.

"లేదు," అంది హైమ, కొంగు నడుముకు దోపుకుంటూ. "దింపించండి."